కొత్తగా తెచ్చిన మంచినీటి టేకు చేప కోలుకోవాలంటే: ఏ దారి ఎవరికి నప్పుతుంది

మంచినీటి స్టింగ్‌రేను, అంటే మన కోస్తాలో టేకు అని పిలిచే చేపకు నదిలో పుట్టి పెరిగిన దక్షిణ అమెరికా బంధువును, ఇంటికి తెచ్చిన రోజున ప్రశ్నలన్నీ ఒకేసారి మీద పడతాయి. సంచిలోంచి వెంటనే తీసి వదలాలా, చుక్కచుక్కగా నీరు కలుపుతూ అలవాటు చేయాలా? నేరుగా పెద్ద ట్యాంకులో వేయాలా, విడిగా టబ్బులో ఉంచాలా? ఉప్పు వేయాలా, వేడి పెంచాలా, మందు వేయాలా, లేక ఏమీ చేయకుండా చూస్తూ ఉండాలా? ఒక్కో ప్రశ్నకు అనుభవజ్ఞులు పూర్తిగా భిన్నమైన సమాధానాలు చెబుతారు. అవన్నీ వారి వారి పరిస్థితుల్లో నిజమైనవే కాబట్టి, మన పరిస్థితి ఏమిటో తెలియకుండా ఎవరి సలహా పాటించినా ప్రమాదమే.

నా మొదటి మోటోరో రే (మంచినీటి స్టింగ్‌రేల్లో ఒక జాతి) నాకు ఈ పాఠం నేర్పి పోయింది. అది చెన్నై నుంచి రాత్రంతా ప్రయాణం చేసి ఉదయానికి హైదరాబాదు చేరింది. సంచి విప్పి, ఎవరో చెప్పినట్టు రెండు గంటల పాటు మా బోరు నీటిని సన్నని గొట్టం ద్వారా చుక్కలుగా కలిపాను. ఎంతో జాగ్రత్తగా చేస్తున్నాననే అనుకున్నాను. సాయంత్రానికి పెనం మీద కాలిన దోసె అంచులా దాని పళ్ళెం, అంటే గుండ్రని ఒంటి, అంచు చుట్టూ పైకి లేచింది. మూడో రోజు పోయింది. ఆ రెండు గంటల్లో నేను దానికి చేసినదేమిటో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. కింద మొదటి ఎంపిక గురించి అంత వివరంగా రాయడానికి కారణం అదే.

నిర్ణయానికి ముందు తెలుసుకోవలసినవి

మొదటిది ప్రయాణ కాలం. ఊరిలోని దుకాణం నుంచి అరగంటలో వచ్చిన చేప పరిస్థితి వేరు, ఇరవై నాలుగు గంటలు మూసిన సంచిలో గడిపిన చేప పరిస్థితి వేరు.

రెండోది నీటి తేడా. అమ్మిన వారి ట్యాంకు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) ఎంతో చేప బయలుదేరక ముందే అడిగి, మీ నీటితో పోల్చుకోవాలి. హైదరాబాదులో ఒకే వీధిలో నల్లా నీటికీ, బోరు నీటికీ టీడీఎస్‌లో ఎంతో తేడా ఉంటుంది. ఈ చేపలకు పీహెచ్ 6.5 నుంచి 7.5 వరకు, ఉష్ణోగ్రత 26 నుంచి 29 డిగ్రీల వరకు సౌకర్యంగా ఉంటాయి. పీహెచ్ 8 దాటిన గట్టి బోరు నీటినే వాడక తప్పని వారు, చేప రాకముందే ఆర్వో నీటిని కలిపి సిద్ధం చేసుకోవాలి.

మూడోది ఫిల్టర్ వయసు. చేప వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా కొత్త ఫిల్టర్‌లో కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టేకు చేప బాగా తింటుంది, బాగా విసర్జిస్తుంది, అమ్మోనియాను ఏమాత్రం తట్టుకోదు.

నాలుగోది చేప పుట్టుక. పెరూలోని ఇక్విటోస్, కొలంబియాలోని లెటీసియా వంటి ఊళ్ళ నుంచి వచ్చే చేపలు ఎక్కువగా నదిలో పట్టినవి. అవి చేతులు మారి మారి, వారాల తరబడి సరైన తిండి లేకుండా, పరాన్నజీవులతో వస్తాయి. థాయిలాండ్, మలేషియాల్లో పెంపకంలో పుట్టిన పిల్లలు మనుషుల అలికిడికి, చచ్చిన ఆహారానికి ముందే అలవాటుపడి ఉంటాయి. వీటిలో ఒకదానికి సరిపోయిన వైద్యం రెండోదానికి సరిపోతుందని అనుకోకూడదు.

ఐదోది, చేప ప్రస్తుత స్థితి. తోక మొదలయ్యే చోట రెండు పక్కలా ఎముకల్లాంటి తుంటి భాగాలు పొడుచుకు వచ్చి కనిపిస్తే అది చాలా కాలంగా పస్తులున్న చేప. కళ్ళ వెనుక ఉన్న రెండు శ్వాస రంధ్రాలు నిమిషానికి ఎన్నిసార్లు మూసుకుంటున్నాయో లెక్కపెట్టి, ప్రతి రోజూ ఒకే సమయంలో కాగితం మీద రాసుకోవాలి. ఇతరుల చేప లెక్కతో పోల్చడం కంటే, నిన్నటి లెక్క కంటే నేడు పెరిగిందా తగ్గిందా అని చూడడం ముఖ్యం. గాజు పక్కకు పాకినప్పుడు కింది వైపు చూడాలి. తెల్లటి పొట్ట మీద ఎర్రని గీతలో, మచ్చలో ఉంటే అది పాడైన నీటి వల్ల వచ్చిన మంట కావచ్చు, ఒరుసుకున్న గాయం కావచ్చు, లోపలి ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు.

మొదటి ఎంపిక: చుక్క పద్ధతా, వెంటనే బదిలీయా

మూసిన సంచిలో చేప ఊపిరి వదిలిన కొద్దీ కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, దానితో నీటి పీహెచ్ తగ్గుతుంది. అదే సమయంలో అమ్మోనియా కూడా పేరుకుంటుంది, కానీ పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అందులో ఎక్కువ భాగం హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది, అంతవరకు నిద్రపోయినట్టున్న అమ్మోనియా విషంగా మారుతుంది. దీనికి లెక్క ఉంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం సుమారు 0.7 శాతం. పీహెచ్ 8 అయితే అది సుమారు 6.5 శాతం, అంటే దాదాపు తొమ్మిది రెట్లు. నేను నా చేప సంచిలోకి రెండు గంటల పాటు చుక్కలుగా కలిపినది పీహెచ్ 8 ఉన్న బోరు నీటిని.

కాబట్టి పన్నెండు గంటలకు మించి ప్రయాణించిన చేపకు నా సలహా వెంటనే బదిలీ. మూసిన సంచిని అలాగే పదిహేను ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి ఉష్ణోగ్రత సమం చేసి, సంచి విప్పిన వెంటనే చేపను కొత్త నీటిలోకి చేర్చి, సంచి నీటిని పారబోయాలి. ఈ పద్ధతికి ఒక షరతు ఉంది: కొత్త నీరు ముందే సిద్ధంగా ఉండాలి, పీహెచ్ 7 దగ్గరగా ఉండాలి, టీడీఎస్ అమ్మిన వారి నీటికి మరీ దూరంగా ఉండకూడదు. ముఖ్యంగా, లవణాలు ఎక్కువగా ఉన్న నీటి నుంచి పలుచని ఆర్వో నీటిలోకి ఒక్కసారిగా మారడం చేప శరీరానికి చాలా కష్టం.

ఊరిలోనే కొని, ఒకటి రెండు గంటల్లో ఇంటికి చేర్చిన వారికి చుక్క పద్ధతి బాగా పనిచేస్తుంది. అమ్మోనియా పేరుకునేంత సమయం గడవలేదు కాబట్టి, నీటి తేడాను నెమ్మదిగా సరిచేయడం వల్ల మేలే తప్ప కీడు లేదు.

ఇక సుదూర ప్రయాణమూ ఉండి, నీటి తేడా కూడా బాగా ఉన్న వారిది అన్నిటికంటే ఇరుకైన పరిస్థితి. వారు చేపను, సంచి నీటిని కలిపి మూతలేని వెడల్పాటి టబ్బులోకి మార్చి, సీకెమ్ ప్రైమ్ వంటి అమ్మోనియాను బంధించే ద్రావణాన్ని వెంటనే కలిపి, గాలి బుడగలు వదిలే రాయి పెట్టి, అరగంట నుంచి ముప్పావు గంట వరకు మాత్రమే నీరు కలపవచ్చు. అంతకు మించి సాగదీయకూడదు.

ఏ పద్ధతిలోనైనా చేపను వలతో పట్టకూడదు. తోక మీది ముల్లు వలలో చిక్కుకుంటే చేపకు గాయమవుతుంది, దాన్ని విడదీయబోయిన చేతికి కూడా ప్రమాదమే. నున్నని ప్లాస్టిక్ టబ్బులోకి నీటితో సహా నడిపించి ఎత్తాలి. రవాణా చేసిన వారు సంచి చిరగకుండా ముల్లుకు చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉంటే, తొందరపడకుండా, చేప కదలకుండా ఉన్నప్పుడు ఇద్దరు కలిసి తీయాలి.

రెండో ఎంపిక: విడి టబ్బా, పెద్ద ట్యాంకా

ఇంట్లో ఇప్పటికే రేలు ఉన్నవారికి ఇందులో ఎంపికే లేదు, విడిగా ఉంచవలసిందే. నదిలో పట్టిన చేప మోసుకొచ్చే ఫ్లూక్స్ (ఒంటికి, మొప్పలకు పట్టే సన్నని పురుగులు), చేప పేను వంటివి పెద్ద ట్యాంకులోకి ఒకసారి వెళ్ళాయంటే అన్ని చేపలకూ వైద్యం చేయవలసి వస్తుంది.

ఇదే తొలి రే అయి, ట్యాంకులో మరే చేప లేక, ఫిల్టర్ ముదిరినదైతే, నేను నేరుగా పెద్ద ట్యాంకులోనే వదలమంటాను. పెద్ద ట్యాంకులో నీరు ఎక్కువ, అందువల్ల మార్పు నెమ్మదిగా వస్తుంది. పైగా కోలుకుంటున్న చేపను పక్షం రోజుల తర్వాత మళ్ళీ ఎత్తి మార్చే బాధ తప్పుతుంది. చాలామంది "ముందు చిన్న ట్యాంకులో పెట్టి చూద్దాం" అని మూడడుగుల కొత్త ట్యాంకు కొని, పచ్చి ఫిల్టర్ పెట్టి, అందులో చేపను వదులుతారు. ఆ జాగ్రత్తే చేపను చంపుతుంది.

విడి టబ్బు తప్పనిసరైతే, కనీసం నాలుగైదు వందల లీటర్ల వెడల్పాటి టబ్బు తీసుకోవాలి. ఈ చేపకు లోతు కంటే నేల వైశాల్యం ముఖ్యం. నడుస్తున్న ట్యాంకులోని స్పాంజిని లేదా సిరామిక్ రింగులను తెచ్చి టబ్బు ఫిల్టర్‌లో పెడితే బ్యాక్టీరియా సిద్ధంగా ఉంటుంది, అయితే ఆ ట్యాంకులో ఏ జబ్బూ లేదని ఖాయంగా తెలిసి ఉండాలి. అది దొరకని వారు రోజూ అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించి, రెండూ సున్నా అయ్యేవరకు రోజుకు మూడో వంతు నుంచి సగం వరకు క్లోరిన్ తీసిన నీటిని మార్చాలి. కరెంటు పోతే ఫిల్టర్‌తో పాటు ఊపిరి కూడా ఆగుతుంది కనుక, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉండి తీరాలి.

టబ్బు అడుగున ఇసుక వేయాలా వద్దా అన్నది ఇందులోనే ఉన్న మరో చిక్కు. ఖాళీ నేల శుభ్రం చేయడానికి సులువు, మలం తెల్లగా దారంలా వస్తోందా, మామూలుగా వస్తోందా అని తెలుస్తుంది. కానీ ఈ చేప ఇసుకను రెక్కలతో తన మీదికి విసురుకుని, కళ్ళు మాత్రమే బయటికి కనిపించేలా దాక్కుంటేనే నెమ్మదిస్తుంది. నేను రెండింటికీ మధ్య ఒక దారి పట్టాను. కడిగిన సన్నని నది ఇసుకను వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో పోసి టబ్బులో ఒక మూల ఉంచాను. రెండో మోటోరో మొదటి రాత్రంతా టబ్బు గోడలను రాసుకుంటూ తిరిగింది. తెల్లవారుజామున చూస్తే ట్రేలో ఇసుక చిన్న గుట్టలా లేచి ఉంది, అందులోంచి రెండు కళ్ళు నన్ను చూస్తున్నాయి. ఆ పూట దాని శ్వాస లెక్క ముందు రోజు కంటే తగ్గింది. గరుకు గులకరాళ్ళు మాత్రం ఎవరికీ పనికిరావు, అవి పొట్టను గీరుతాయి.

ఎక్కడ ఉంచినా హీటర్‌కు రక్షణ తొడుగు ఉండాలి లేదా హీటర్ సంప్‌లో (ట్యాంకుకు విడిగా ఉండే ఫిల్టర్ తొట్టిలో) ఉండాలి, ఎందుకంటే ఈ చేపలు వేడి హీటర్ మీదే పడుకుని కాల్చుకుంటాయి. ట్యాంకు శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను తోడుగా వేయకూడదు. అది రే వీపు మీద అతుక్కుని ఒంటి మీది జిగురును గీకి తింటుంది. మూడు వైపులా గుడ్డ కప్పి, లైటు ఆర్పి ఉంచితే మంచిది.

మూడో ఎంపిక: శుభ్రమైన నీరు, ఉప్పు, వేడి, మందు

| దారి | ఏ పరిస్థితిలో మేలు | ఏమి పోగొట్టుకుంటాం |
|---|---|---|
| శుభ్రమైన నీరు, చీకటి, నిరీక్షణ | ప్రయాణపు అలసట, తేలికపాటి ఎరుపు, చిన్న గీతలు | నిజంగా జబ్బే ఉంటే కొన్ని రోజులు |
| ఉప్పు, లీటరుకు 1 గ్రాము | నైట్రైట్ కనిపించినప్పుడు | తర్వాత నీటి మార్పులతో దాన్ని నెమ్మదిగా తగ్గించే శ్రమ |
| వేడి పెంచడం | నీరు చల్లబడి చేప మందకొడిగా ఉన్నప్పుడు | ఆక్సిజన్, బక్క చేప ఒంట్లోని నిల్వలు |
| మందు | జబ్బు పేరు తెలిసినప్పుడు | తప్పు మందైతే చేపనే |

శుభ్రమైన నీటిని ఎంచుకోవడం ఏమీ చేయకపోవడం కాదు. రోజూ పరీక్షించడం, రోజూ నీరు మార్చడం, మార్చే నీటిలో క్లోరిన్ లేకుండా చూడడం, ఇవన్నీ చేయాలి. పెంపకంలో పుట్టి, కండ పట్టి ఉండి, అలసట మాత్రమే ఉన్న చేపకు మొదటి వారం ఇంతకు మించిన వైద్యం అక్కరలేదు. మొదటి పక్షంలో మనం జబ్బు అనుకునేదానిలో ఎక్కువ భాగం నీటి బాధేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఉప్పు విషయంలో మన వైపు ఒక అపోహ ఉంది. టేకు సముద్రపు చేప కదా, ఉప్పు దానికి మంచిదే కదా అంటారు. సముద్రపు టేకు తన రక్తంలో యూరియాను భారీగా నిలుపుకుని ఉప్పునీటితో సమతూకం సాధిస్తుంది. దక్షిణ అమెరికా నదుల్లో తరతరాలుగా బతికిన పొటామోట్రైగాన్ జాతులు ఆ పద్ధతిని వదులుకున్నాయి, వాటి రక్తంలో యూరియా బహు స్వల్పం. కనుక ఉప్పును టానిక్కులా వేయడంలో అర్థం లేదు. కొత్త ఫిల్టర్ వల్ల నైట్రైట్ కనిపించినప్పుడు మాత్రం ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది కాబట్టి కొద్దిపాటి రాళ్ల ఉప్పు ఉపయోగపడుతుంది. దాన్ని కూడా విడిగా బకెట్లో కరిగించి, రోజు మొత్తం మీద కొద్దికొద్దిగా పోయాలి.

వేడి పెంచడం నాకు అంతగా నచ్చని దారి. 28 డిగ్రీల వద్ద నీటిలో లీటరుకు దాదాపు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 32 డిగ్రీల వద్ద అది 7.3కు తగ్గుతుంది, చేప అవసరం మాత్రం పెరుగుతుంది. తుంటి భాగాలు పొడుచుకు వచ్చిన చేపకు వేడి పెంచడమంటే దాని దగ్గర మిగిలిన కొద్దిపాటి నిల్వలను కూడా ఖర్చు చేయించడమే. డిసెంబరు రాత్రుల్లో చల్లబడిన నీటిని 28కి చేర్చడం వేరు సంగతి, అది తప్పక చేయాలి.

మందుల్లో ముందుగా చెప్పవలసింది వేయకూడని వాటి గురించే. మామూలు చేపల తెల్లమచ్చలకు వాడే రాగి మందులు, మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్ ఈ పొలుసులు లేని చేపలకు ప్రాణాంతకం కాగలవు. భీమవరం, కైకలూరు చుట్టుపక్కల ఆక్వా దుకాణాలు మనకు దగ్గర కావడం కొంత వరం. క్లోరిన్ తీసే సోడియం థయోసల్ఫేట్, నీటి పరీక్ష కిట్లు అక్కడ దొరుకుతాయి. కానీ చెరువులో చేప పేనుకు చల్లే పురుగుమందుల్ని అదే కౌంటరు నుంచి తెచ్చి ట్యాంకులో పోసే పని ఎన్నడూ చేయకూడదు. పళ్ళెం మీద కంటికి కనిపించే ఒకటి రెండు పేన్లను తడి గుడ్డ మీద చేపను ఉంచి పట్టకారుతో తీసేయవచ్చు, అది కూడా తోకను వేరొకరు అదుపులో ఉంచినప్పుడే.

చేప పదేపదే నేలకు ఒరుసుకుంటూ, ఒంటి మీద జిగురు పొరలుగా తేలుతూ, శ్వాస లెక్క రోజురోజుకూ పెరుగుతుంటే ఫ్లూక్స్‌ను అనుమానించాలి. అప్పుడు ప్రాజిక్వాంటెల్ మిగతావాటి కంటే భద్రమైన మందు, సాధారణంగా లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల చుట్టూ వాడతారు. అది నీటిలో సరిగా కరగదు కాబట్టి ముందే కొద్ది నీటిలో బాగా కలియబెట్టాలి, మందు ఉన్నంతకాలం గాలి ఎక్కువ ఇవ్వాలి. పొట్ట లోపలికి పోయి, మలం తెల్లని దారంలా వస్తే లోపలి పరాన్నజీవుల సంగతి చూడాలి, దానికి మెట్రోనిడజోల్‌ను ఆహారంలో ఇస్తారు. యాంటీబయోటిక్స్ మాత్రం పశువైద్యుడి మాట లేకుండా మొదలుపెట్టవద్దు. మోతాదు చేప బరువును బట్టి మారుతుంది, బరువును కంటితో అంచనా వేయలేం. నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాల వంటి చోట చదివిన నిపుణులు మన రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. వారిలో అలంకార చేపల అనుభవం ఉన్న ఒకరిని చేప రాకముందే వెతికి పెట్టుకోవడం మేలు.

రెండు మందులు కలిపి వేయడం, ఒకటి పనిచేయలేదని రెండో రోజే ఇంకొకటి మార్చడం ఎంత ఆత్రంతో చేసినా చేపకు చేటే.

తిండి: ఎప్పుడు, ఏది

మొదటి రోజు కండ పట్టిన చేపకు తిండి పెట్టనక్కరలేదు. నదిలో పట్టిన బక్క చేపకు మాత్రం మరుసటి రోజు నుంచే బతికి కదిలే ఆహారం చూపించాలి. అందులో మొదటి ఎంపిక ఎర్రలు, అంటే వానపాములు. పురుగుమందు తగలని తోట మట్టిలోంచి తీసి, కడిగి, ఒక రాత్రి తడి గుడ్డలో ఉంచి పెట్టాలి. వర్మీకంపోస్టు తొట్లలో పెంచే ఎర్రని జాతి పసుపు రంగు స్రావం వదులుతుంది, కొన్ని చేపలు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. అలా ఉమ్మితే ఆకలి లేదని అనుకోకండి, జాతి మార్చి చూడండి.

పెంపకంలో పుట్టిన పిల్లకు ఒలిచి చిన్న ముక్కలు చేసిన పచ్చి రొయ్య సులువు, మన దగ్గర ఏ ఊళ్ళోనైనా తాజాగా దొరుకుతుంది. అయితే నెలల తరబడి రొయ్య ఒక్కటే పెట్టకూడదు, పోషకాల లోటు వస్తుంది. మురుగు కాలువల్లో పట్టే ట్యూబిఫెక్స్ అనే సన్నని ఎర్ర పురుగులు, దుకాణంలో చవకగా అమ్మే బతికిన చిన్న చేపలు కోలుకుంటున్న చేపకు కొత్త జబ్బుల్ని మోసుకొస్తాయి, అవి వద్దు. ఏది పెట్టినా అరగంటలో తినకపోతే తీసేయాలి, ఎందుకంటే కుళ్ళిన ముక్క మళ్ళీ అమ్మోనియానే. గొట్టంతో బలవంతంగా తినిపించడం అనుభవజ్ఞుడి చేతిలో చివరి ప్రయత్నంగా మాత్రమే ఉండాలి, ఆ పెనుగులాట బక్క చేపకు తిండి కంటే ఎక్కువ ఖర్చు.

పెద్ద ట్యాంకుకు ఎప్పుడు మార్చాలి

ఇంట్లో వేరే రేలు లేనివారు, చేప వరుసగా పది రోజులు బాగా తిని, తోక మొదట్లో తుంటి భాగాలు కండతో కప్పుకోవడం మొదలైతే మార్చవచ్చు. ఇతర రేలు ఉన్నవారు తొందరపడకుండా ఆరు వారాలు ఆగడమే నా సలహా, పరాన్నజీవుల గుడ్లు పొదిగే కాలం కూడా అందులో గడిచిపోవాలి. అంచులు ఇంకా పైకి లేస్తున్న చేపను, శ్వాస లెక్క ఇంకా కుదుటపడని చేపను వారాలు ఎన్ని గడిచినా మార్చకూడదు.

మార్చే రోజున ఇద్దరు ఉండాలి. ముల్లు గుచ్చుకుంటే చేతిని తట్టుకోగలిగినంత వేడినీటిలో, 45 డిగ్రీలకు మించకుండా, నొప్పి తగ్గేవరకు ముంచి ఉంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వేడికి ముల్లులోని విషం బలం తగ్గుతుంది, కానీ విరిగిన ముల్లు ముక్క లోపల ఉందో లేదో వైద్యుడే చూడాలి. రెండు నీళ్ళ పీహెచ్, టీడీఎస్ ముందు రోజే సమం చేసి పెట్టుకుంటే ఈసారి చుక్క పద్ధతి అవసరం ఉండదు. లైట్లు ఆర్పి, చిన్న టబ్బును నీటిలో పక్కకు వంచి, చేప తనంతట తానే జారి ఇసుకలోకి వెళ్ళేవరకు చేయి కదపకుండా పట్టుకోండి.